బరంపురం తిండి మానకుండా బరువు తగ్గడం ఎలా

జిమ్ముకి కొత్తగా వచ్చే ఆడవాళ్లు మొదట అడిగేది ట్రెడ్‌మిల్ ఎక్కడుందని. నేను మొదట అడిగేది ఇంట్లో నెలకి నూనె ఎన్ని లీటర్లు అవుతోందని. చాలామందికి ఆ లెక్క తెలీదు. కిరాణా పద్దు చూసి రేపు చెప్పమంటాను. నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్లు అయిందంటే తలకి రోజుకి 38 గ్రాములు, అంటే 340 కేలరీల పైమాటే, ఒక్క నూనె నుంచే వస్తున్నట్టు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2000 కేలరీల తిండిలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు దాటకూడదు. కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి ఆ 2000 కూడా అక్కర్లేదు, 1660 చాలని అదే సంస్థ 2020లో చెప్పింది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 65 కిలోల మనిషి అరగంట గబగబా నడిస్తే 140 కేలరీలు ఖర్చవుతాయి, అంతే. నడిచి వస్తూ వస్తూ బండి దగ్గర ఆగి నాలుగు గారెలు, వాటిమీద బఠాణీల ఘుగునీ పోయించుకుంటే ఆ నడక అక్కడే చెల్లు. అదే ఇంట్లో ఐదు లీటర్ల నూనెని మూడుకి దింపితే తలకి రోజుకి 138 కేలరీలు మిగులుతాయి. అరగంట నడక ఫలం, చెప్పులు కూడా వేసుకోకుండా! బరువు తగ్గేది వంటింట్లో. మరి జిమ్ము ఎందుకంటే, తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, అది పోకుండా పట్టి ఉంచడానికి. నా దగ్గరికి వచ్చే ఎవరికైనా ఈ రెండు ముక్కలు బుర్రకి ఎక్కేదాకా డంబెల్ చేతికివ్వను.

నేను ఒడిశాలోని ఈ బరంపురంలో ఆస్కా రోడ్డు వైపు ఒక జిమ్ములో లేడీస్ బ్యాచ్ చూస్తాను. చీరల కొట్టు గద్దె మీద పొద్దస్తమానం కూర్చునేవాళ్లు, టీచర్లు, రైల్వే వాళ్ల ఇళ్లవాళ్లు, మగ్గాల ఇళ్ల కోడళ్లు, కాలేజీ పిల్లలు వస్తారు. తెలుగువాళ్లు అక్కా అంటారు, ఒడియా పిల్లలు నానీ అంటారు. తిండి మాత్రం అందరిదీ ఒకటే: పొద్దున్న గారెలో దోసెలో, మధ్యాహ్నం గుట్టగా అన్నం, సాయంత్రం ముఢి (మరమరాలు) మిక్చర్, రాత్రి మళ్లీ అన్నం, పక్కన వేయించినది ఏదో ఒకటి. కాబట్టి ఓట్సు, బ్రోకలీ, క్వినోవా రాసున్న చార్టులు ఫోన్లో చూపించి ఇది పాటించనా అక్కా అంటే నాకు నవ్వొస్తుంది. అవి ఆదివారం దాకా కూడా సాగవు.

టేపు ముందు, కాటా తర్వాత

బరువు చూసుకునే ముందు నడుం కొలవండి. పక్కటెముకల చివర, తుంటి ఎముక పైఅంచు, ఈ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. బొడ్డు దగ్గరే చుట్టాలని లేదు. ఊపిరి మామూలుగా వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాగి మిమ్మల్ని మీరే మోసం చేసుకోకండి. మనదేశపు వాళ్లకి ఆడవాళ్లయితే 80, మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ఎత్తుతో బరువుని పోల్చే బీఎంఐ లెక్క కూడా మనకి వేరే. తెల్లవాళ్ల పట్టికలో 25 దాటితే అధిక బరువు, మన డాక్టర్లు 23 నుంచే అంటారు, 25 దాటితే ఊబకాయం లెక్క. సన్నటి చేతులూ కాళ్లూ, ముందుకి పొట్ట, ఇదీ మన ఒళ్లు. అందుకే టేపు చెప్పేది కాటా చెప్పదు.

కాటా వారానికి ఒకసారి చాలు, ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ వారం చూసి ఏడ్చే గుంటల్ని రోజూ చూస్తుంటాను. కిందటి నెల ఇదే వారంతో పోల్చుకోండి, మొన్నటి వారంతో కాదు.

బీపీ, షుగరు, గుండె మందులు వాడుతున్నవాళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవాళ్లు, ఈమధ్యే కానుపైనవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ముఖ్యంగా ఇన్సులిన్ గానీ, చక్కెరని గట్టిగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించి వ్యాయామం పెంచితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు, మందు మోతాదు డాక్టరే మార్చాలి. వాళ్ల సంచీలో ఎప్పుడూ రెండు గ్లూకోజ్ బిళ్లలో చక్కెర పొట్లమో ఉండాలి. థైరాయిడ్ ఉందని తెలిసి మాత్ర సరిగ్గా వేసుకుంటున్నవాళ్లు తగ్గరన్నది ఉత్తి మాట.

కంచం సంగతి

అన్నం మానొద్దు, కొలవండి. వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలు. ఇంట్లో రోజూ వాడే హస్తం గరిటెతో ఒకసారి అన్నం తీసి వంటింటి కాటా మీద పెట్టి చూడండి, అది ఎంతో తెలిశాక ఇక కాటా అక్కర్లేదు. నా లెక్కలో పూటకి 150 గ్రాములు, అంటే సుమారు 200 కేలరీలు. అది కంచంలో చూస్తే బిక్కుబిక్కుమంటూ ఉంటుంది నిజమే. అందుకే అన్నం చివర వడ్డించుకోండి. ముందు కూర, తర్వాత పప్పు, ఆ పక్కన చేపో గుడ్డో, మిగిలిన జాగాలో అన్నం.

ఆ కూర ఏమిటన్నదానికి మన ఒడియా పొరుగువాళ్లు ఎప్పుడో జవాబు చెప్పారు: సంతుళా. బొప్పాయికాయ, వంకాయ, గుమ్మడి, బీరకాయ, చిక్కుడు, ఏది ఉంటే అది ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, చివర్న ఒక చెంచా నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి, ఐదు దినుసుల పంచఫుటణ వేసి పోపు పెట్టేస్తే అయిపోయింది. గిన్నెడు తిన్నా భయం లేదు. డాల్మా కూడా అంతే, పప్పూ కూరా ఒకే గిన్నెలో ఉడుకుతాయి. మా తెలుగిళ్లలో వంకాయైనా దొండకాయైనా నూనెలో తేలితేనే కూర అనుకుంటాం, రోగం అక్కడుంది. వేపుడు తినాలనిపిస్తే తినండి, వారానికి రెండుసార్లు, అది కూడా ఇనప మూకుడులో మూతపెట్టి ముందు మగ్గించి, చివర్లో నూనె వేసి.

ఎండాకాలం పఖాళ, అదే మన చద్దన్నం, దాన్ని పాడు చెయ్యకండి. నీళ్లు ఎక్కువ, అన్నం తక్కువ, కడుపు చల్లగా నిండుతుంది. దానికి పెరుగు వేసుకోవచ్చు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కొరుక్కోవచ్చు. పఖాళతో వచ్చే తంటా దాని పక్కన చేరే పరివారంతో: బంగాళాదుంప వేపుడు, వడియాలు, చేప ఫ్రై, వడియాలు నలిపిన బడీ చూరా. వాటిలో ఒక్కటే ఎంచుకోండి.

చోడి (రాగి) అంబలి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య చోళ్లు తింటే చాలు బరువు దిగిపోతుందని ప్రచారం మొదలైంది. చోడి పిండికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. చోళ్లలో పీచు ఎక్కువ, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంది, ఎముకలకి మంచిది, తాగాక చాలాసేపు ఆకలెయ్యదు. అందుకని పొద్దున్న రెండు చెంచాల పిండితో పల్చగా కాచి మజ్జిగ కలుపుకుని తాగండి. బెల్లం వేసి చిక్కగా గ్లాసులకి గ్లాసులు తాగి ఇది డైట్ అనకండి.

ముఢి కూడా అలాంటిదే. తేలిగ్గా ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదనుకుంటాం. ఒక చిన్న గిన్నెడు, 25 గ్రాములైతే వంద కేలరీల లోపే. అందులో మిక్చరూ, ఆవనూనే, వేరుశెనగలూ, పక్కన రెండు పకోడీలూ కలిశాయంటే అది రాత్రి భోజనంతో సమానం. ఉల్లి, టమాటా, కీర, నానబెట్టిన శెనగలు, నిమ్మకాయ పిండుకుని తినండి. పొట్లం నుంచి తినకుండా గిన్నెలో పోసుకోవడం ముఖ్యం.

ఇక మాంసకృత్తులు. మన ఇళ్లలో ఆడవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మగవాళ్లకీ పిల్లలకీ గుడ్డు, చేప ముక్క, తనకి పులుసు. మామూలుగా కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, బరువులెత్తుతూ తిండి తగ్గించుకునేవాళ్లకి 1.2 దాకా ఉంటే కండ నిలుస్తుంది. 60 కిలోల మనిషికి అది 72 గ్రాములు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది గానీ చూడండి: రెండు గుడ్లు 12, గిన్నెడు చిక్కటి పప్పుకి పట్టే 60 గ్రాముల కందిపప్పు 13, రెండు వందల గ్రాముల పెరుగు 6, గ్లాసు పాలు 6, వంద గ్రాముల చేప 20, రోజు మొత్తం బియ్యంలో ఒక పది. ఇంకా తక్కువైతే 25 గ్రాముల సోయా బడీ (మీల్ మేకర్) కూరలో వేస్తే 13. సరిపోయింది. చేపల్లో ఖరీదైనవే కొననక్కర్లేదు, గోపాలపురం నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చవకా, బలమూ. పులుసు పెట్టండి, ఫ్రై వద్దు.

శాకాహారులకి మన ఊళ్లో ఉన్నంత సుఖం ఇంకెక్కడా లేదు. మిఠాయి కొట్టుకి వెళ్లి రసగుల్లా అడక్కుండా ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద, విడిగా తూకమేసి ఇమ్మనండి. వంద గ్రాముల్లో 18 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఉల్లి, మిరియాలు వేసి పెనం మీద కాస్త వేడి చేసుకుంటే చాలు. కొట్టువాడు కాస్త వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ఉలవలు ఉడికించి చారు కాచుకున్నాక ఆ ఉలవల్ని పశువులకి పడెయ్యకండి, బలమంతా గింజలోనే ఉంది.

అప్పడాలకీ పచ్చళ్లకీ పేరున్న ఊళ్లో ఉప్పు గురించి చెబితే ఎవరికీ నచ్చదు. రోజుకి 5 గ్రాముల ఉప్పు హద్దు, అంటే అన్నిటిలో కలిపి ఒక చెంచా. ఎండుచేప, పచ్చడి, అప్పడం ఒకే పూట కలిస్తే మర్నాడు పొద్దున్న కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి. అప్పడం నిప్పుమీద కాల్చండి, నూనె ఖర్చైనా తప్పుతుంది.

రోజు మొత్తం 1200 కేలరీల కిందకి మీ అంతట మీరు దిగకండి. రోజుకి నాలుగైదు వందలు తగ్గితే వారానికి అర కిలో లోపు దిగుతుంది, అది చాలు. నెలకి పది కిలోలని బోర్డు పెట్టినవాళ్ల గుమ్మం తొక్కకండి.

మార్గశిర లక్ష్మివారాలు, కార్తీకం, సంక్రాంతి, ఒడియావాళ్ల రజ పండక్కి పక్కింటివాళ్లు పంపే పొడపీఠా (కాల్చిన బియ్యప్పిండి రొట్టె), రెండేళ్లకోసారి మన ఊరి అమ్మవారి ఠాకురాణీ యాత్ర రాత్రుళ్లు, వీటిలో ఏదీ మానమని నేనెప్పుడూ చెప్పలేదు. ఉపవాసం ఉండి చీకటి పడ్డాక బూరెలూ పులిహోరా గట్టిగా లాగించడమే తంటా. ఆ రోజు పగలు పాలు, పెరుగు, ఛెనా, పండు తీసుకుంటూ ఉంటే రాత్రి రెండు బూరెల దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతుంది. పండగ మర్నాడు శిక్షగా పస్తుండకండి, మామూలు కంచంలోకి వచ్చేయండి.

జిమ్ములో ఏం చెయ్యాలి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడిచి, ఒళ్లంతటికీ. ఒకరోజు చేతులు, ఒకరోజు కాళ్లు అని ఆరు రోజుల కార్యక్రమాలు పోటీలకెళ్లే కుర్రాళ్లకి. ఇంటి పనీ, కొట్టు పనీ ఉన్నవాళ్లు ఒకరోజు మానేశారంటే ఆ వారం కాళ్ల వంతు పోయినట్టే.

స్క్వాట్ నేను ప్లాస్టిక్ స్టూలుతో నేర్పుతాను. స్టూలుకి ముందు నిలబడండి, పాదాలు భుజాల వెడల్పు, వేళ్లు కాస్త బయటికి. పిరుదులు వెనక్కి పంపుతూ నెమ్మదిగా కిందకి దిగండి, స్టూలు తగలగానే కూలబడకుండా లేవండి. మోకాళ్లు పాదాల వేళ్లు చూపిస్తున్న వైపే వెళ్లాలి, లోపలికి ఒకదానికొకటి దగ్గరైతే వెంటనే ఆపండి. మడమలు నేలకి అతుక్కుని ఉండాలి. ఇది అద్దంలో పక్కనుంచి చూసుకుంటే అర్థమవుతుంది. చిన్నప్పుడు పీట లేకుండా గొంతుక్కూర్చుని కూరలు తరిగినవాళ్లకి ఇది రెండు రోజుల్లో వచ్చేస్తుంది, కుర్చీల తరానికే కష్టం. తేలికయ్యాక ఐదు కిలోల డంబెల్ గుండెకి ఆనించి పట్టుకుని చెయ్యండి, ఆ తర్వాత స్టూలు తీసెయ్యండి.

రెండోది డంబెల్స్‌తో రుమేనియన్ డెడ్‌లిఫ్ట్: మోకాళ్లు కొంచెం వంచి, నడుం నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి డంబెల్స్ తొడలని రాసుకుంటూ దించాలి. తొడల వెనక లాగితే సరిగ్గా చేస్తున్నట్టు, నడుం లాగితే తప్పు చేస్తున్నట్టు. బిందె ఎత్తేటప్పుడు నడుం పట్టేసే ఆడవాళ్లకి దీన్ని మించిన మందు లేదు. మూడోది లాట్ పుల్‌డౌన్, కూర్చుని పైనున్న రాడ్డు ఛాతీ పైభాగం దాకా లాగాలి, మెడ వెనక్కి లాగకండి. నాలుగోది డంబెల్ చెస్ట్ ప్రెస్, వెల్లకిలా పడుకుని డంబెల్స్ పైకి నెట్టడం. ఐదోది సీటెడ్ రో, కూర్చుని కేబుల్‌ని పొట్ట వైపు లాగడం. చివర్న ప్లాంక్, మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలపడం, ఇరవై సెకండ్లతో మొదలు.

ఒక్కోటీ మూడు సెట్లు, సెట్టుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. బరువు ఎంత ఎత్తాలి అక్కా అని అడుగుతారు. చివరి రెండూ మొహం కాస్త వంకర పోయేంత కష్టంగా ఉండాలి, కానీ భంగిమ చెడకూడదు, అదే మీ బరువు. మూడు సెట్లలోనూ పన్నెండు సులువుగా అయిపోతే రెండున్నర కిలోలు పెంచండి. ఏం ఎత్తారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నెలల తరబడి అవే గులాబీరంగు రెండు కిలోల డంబెల్స్ ఊపేవాళ్లకి ఒళ్లు మారదు. సెట్టుకీ సెట్టుకీ మధ్య ఒకటిన్నర నిమిషం ఆగండి, ఫోను తీస్తే అది పది నిమిషాలవుతుంది.

బరువులెత్తితే మగరాయుళ్లలా తయారవుతామేమో అని అత్తగార్లు భయపెడతారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ ఒళ్లు రావడానికి ఏళ్ల తరబడి రోజంతా సాధన కావాలి. మనం ఎత్తేది పది కిలోలు, వారానికి మూడు గంటలు. మగవాళ్లలో ఉన్నంత టెస్టోస్టిరాన్ ఆడవాళ్ల ఒంట్లో ఉండదు, కండ గుట్టలుగా పెరగదు. మన ఊరి వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి గెలిచాక కుర్రాళ్లని బార్‌బెల్ దగ్గరికి ఎవరూ పిలవక్కర్లేకపోయింది. ఆడపిల్లల్ని మాత్రం ఇంకా బతిమాలుకోవాలి.

పొట్ట దగ్గర మాత్రమే తగ్గించే వ్యాయామం లేదు. క్రంచెస్ వందలు చేస్తే పొట్ట కండకి బలం వస్తుంది, పైనున్న కొవ్వు కదలదు. కొవ్వు ఒళ్లంతటి నుంచీ దాని ఇష్టం వచ్చిన వరసలో పోతుంది, ఆడవాళ్లకి మొహం ముందు, తుంటి చివర అన్నది చాలామందిలో చూశాను. చెమట పట్టే బెల్టు, ప్లాస్టిక్ జాకెట్టు అసలే వద్దు. వాటితో పోయేది నీరు, చెంబుడు తాగగానే తిరిగొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఉక్కలో వాటితో కళ్లు తిరిగి పడిపోతారు కూడా.

బరువులు లేని రోజుల్లో నడక. వారానికి 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అంటే ఆ నాలుగు రోజుల్లో సుమారు నలభై నిమిషాల చొప్పున. రామలింగం చెరువు దగ్గర పార్కులో తెల్లారేసరికి సగం ఊరు అదే పనిలో ఉంటుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. నలుగురు కలిసి సీరియల్ కథ చెప్పుకుంటూ నడిచేది కాలక్షేపం కిందే లెక్క. ఎండాకాలంలో ఏడు లోపు ముగించండి.

పొడులూ మాత్రలూ

జాతీయ పోషకాహార సంస్థ 2024లోనే ప్రోటీన్ పొడులు వద్దని సలహా ఇచ్చింది. నేనూ ఎవరితోనూ కొనిపించను. వే ప్రోటీన్ విషమేమీ కాదు, పాల నుంచి తీసినదే, కానీ డబ్బా ధరకి నెలకి సరిపడా గుడ్లూ ఛెనా వస్తాయి. ఫ్యాట్ బర్నర్ మాత్రల్లో ఎక్కువగా ఉండేది కెఫీన్, గుండె దడ, నిద్ర పట్టకపోవడం తప్ప ఒరిగేది లేదు. కుర్రాళ్లకి లాకర్ల గదిలో ఇంజెక్షన్లు అమ్మజూపే శిక్షకుడు కనిపిస్తే ఇంట్లోవాళ్లకి చెప్పి ఆ జిమ్ము మాన్పించండి.

రెండు మూడు నెలలకి బరువు ఒకచోట ఆగిపోతుంది. ఒళ్లు తేలికైంది కాబట్టి ఖర్చూ తగ్గింది, అంతే. అప్పుడు తిండి ఇంకా కోసేయకండి. ముందు అన్నం మళ్లీ తూకమెయ్యండి, చాలామందికి చెయ్యి మెల్లగా జారి ఉంటుంది. రాత్రి ఏడు గంటల నిద్ర ఉందో లేదో చూడండి, లేనివాళ్లకి ఆకలి పగ్గాల్లో ఉండదు. అవి సరిగ్గానే ఉంటే ఒక వారం బరువు పెరగని, తరగని లెక్కలో తిని మళ్లీ మొదలుపెట్టండి. నడుం టేపు తగ్గుతూ కాటా మాత్రం కదలకపోతే మీరు సరైన దారిలోనే ఉన్నారు, ఏదీ మార్చకండి.

జిమ్ము ఎంచుకునేటప్పుడు ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, తగ్గింపు ఎంత ఆశపెట్టినా సరే. నెల కట్టండి. మీరు వెళ్లే గంటలోనే వెళ్లి చూడండి: స్క్వాట్ చేసే జాగా ఖాళీగా ఉందా, ఐదు నుంచి పదిహేను కిలోల డంబెల్స్ జతగా ఉన్నాయా, శిక్షకుడు కొత్తవాళ్ల మోకాళ్లు చూస్తున్నాడా, ఫోను చూస్తున్నాడా. బూట్లు మెత్తటి రన్నింగ్ రకం కాకుండా అడుగు చదునుగా ఉన్నవి కొనుక్కోండి, స్క్వాట్‌లో కాలు నిలకడగా ఉంటుంది. లేకపోతే మొదటి నెల వట్టి కాళ్లతో చేసినా నాకు అభ్యంతరం లేదు.